కారు ఆపాక కూడా లోపలి లైటు వెలుగుతూనే ఉందా? కారణం కనిపెట్టి సరిచేసుకునే పద్ధతి

కారు ఆపి, తాళం వేసి, నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే లోపల లైటు ఇంకా వెలుగుతోంది, ఏం చేయాలి అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలుగా జవాబు చెప్పే బదులు అంతా ఒకేచోట, వరసగా రాస్తున్నాను. ఈ వరస ముఖ్యం. చాలామంది నేరుగా బల్బు మార్చేస్తారు, లేదంటే ఎలక్ట్రీషియన్ దగ్గర వైరింగ్ అంతా విప్పిస్తారు. చాలాసార్లు లోపం బల్బులోనూ ఉండదు, వైరింగులోనూ ఉండదు. ఏదో ఒక తలుపు ఇంకా తెరిచే ఉందని కారు అనుకుంటోంది, అంతే. ఆ తలుపు ఏదో పట్టుకోవడమే అసలు పని.

నాకు ఈ సంగతి ఒక సంక్రాంతికి బాగా అర్థమైంది. హైదరాబాద్ నుంచి భీమవరం దగ్గర మా ఊరికి పాత హ్యాచ్‌బ్యాక్‌లో వెళ్లాం. భోగి రోజు మధ్యాహ్నం పిల్లలు గాలిపటాలు తీసుకుని డిక్కీ వేశారు, అది సగమే పడింది. పైకి చూస్తే మూసినట్టే ఉంది. ముక్కనుమ ఉదయం బయల్దేరదామని తాళం తిప్పితే సెల్ఫ్ టక్‌టక్ మంటోంది తప్ప ఇంజిన్ తిరగలేదు. లెక్క చూడండి: డిక్కీలో ఉండేది 5 వాట్ల చిన్న బల్బు, అంటే దాదాపు 0.4 ఆంపియర్లు. దాదాపు 3 రోజులు వెలిగితే 28 నుంచి 30 ఆంపియర్ అవర్లు లాగేస్తుంది. ఆ కారు బ్యాటరీ మొత్తం 35. ఇంకేం మిగులుతుంది?

## 1. ముందు ఇది నిజంగా సమస్యేనా చూడండి

ఇప్పుడొస్తున్న చాలా కార్లలో తలుపు వేయగానే లైటు ఆరదు. 15 నుంచి 30 సెకన్లపాటు వెలిగి, మెల్లగా మసకబారి ఆరుతుంది. మనం దిగి దారి చూసుకోవడానికి కంపెనీవాళ్లు అలా పెట్టారు. కొన్నింటిలో ఈ సమయాన్ని స్క్రీన్ సెట్టింగుల్లో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. లైటు ఆరలేదని మళ్లీ రిమోట్ నొక్కుతారు, తలుపు తెరిచి మళ్లీ వేస్తారు. అలా చేసిన ప్రతిసారీ టైమర్ మొదటికొస్తుంది, లైటు ఆరనే ఆరదు.

కాబట్టి ఇలా చేయండి:

- అన్ని తలుపులూ వేసి, రిమోట్‌తో లాక్ చేసి, కారును అస్సలు ముట్టుకోకుండా ఫోన్‌లో టైమర్ పెట్టుకుని 2 నిమిషాలు నిలబడండి.
- ఆరిపోతే సమస్య లేదు.
- ఆరకపోతే ఇంకో 20 నిమిషాలాగి చూడండి. కొన్ని కార్లలో బ్యాటరీ పడిపోకుండా కంప్యూటరే కొంతసేపటికి లోపలి లైట్లన్నీ ఆపేస్తుంది. అప్పుడు ఆరినా సరే, లోపం ఉన్నట్టే లెక్క. ఏదో తలుపు నుంచి తప్పు సమాచారం వెళ్తోంది.

పుష్ బటన్ స్టార్ట్ కార్లవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆటోమేటిక్‌లో గేరు పార్కింగులో పెట్టకుండా బటన్ నొక్కితే ఇంజిన్ ఆగుతుంది కానీ కొన్ని కార్లలో కరెంటు పూర్తిగా ఆగదు, యాక్సెసరీ మోడ్‌లో ఉండిపోతుంది. స్క్రీన్, డ్యాష్‌బోర్డు కూడా వెలుగుతుంటే అనుమానం దీనిమీదే. గేరు 'పీ'లోకి తెచ్చి మళ్లీ బటన్ నొక్కండి.

## 2. ఈ రాత్రికి బ్యాటరీని కాపాడుకోండి

రాత్రి పదింటికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడి ఇది చదువుతుంటే, మరమ్మతు రేపు చూద్దాం, ముందు బ్యాటరీని కాపాడుకోండి. ఈ వరసలో ప్రయత్నించండి:

1. పైకప్పు లైటు పక్కనున్న స్విచ్‌ని ఆఫ్‌లో పెట్టండి. వెనక సీటు మీద ఇంకో లైటుంటే దాన్నీ.
2. అయినా ఆరకపోతే లైటు మీది ప్లాస్టిక్ మూతను పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా లేపి బల్బు తీసేయండి. ఇప్పటిదాకా వెలిగింది కాబట్టి కాలుతుంది, గుడ్డతో పట్టుకోండి. ఇనుప స్క్రూడ్రైవర్ అక్కడ పెట్టొద్దు, బల్బు రెండు చివరలకూ తగిలితే షార్ట్ అయి ఫ్యూజ్ పోతుంది.
3. అదీ కుదరకపోతే ఫ్యూజ్ తీయండి. ఫ్యూజ్ పెట్టె మూత లోపలివైపు రూమ్ అనో, డోమ్ అనో, ఇంటీరియర్ అనో రాసి ఉంటుంది. ఆ ఫ్యూజ్ మీదే గడియారం, స్టీరియో మెమరీ, కొన్ని కార్లలో సెంట్రల్ లాక్ కూడా ఉండొచ్చు. అందుకని ఫ్యూజ్ తీశాక తాళంచెవితో తలుపు లాక్ అవుతుందో లేదో చూసుకుని వెళ్లండి.
4. ఊరెళ్తున్నారు, వారం దాకా రారు అనుకుంటే బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పేయడం మేలు. 10 నంబర్ స్పానర్ చాలా కార్లకు సరిపోతుంది. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్.

బల్బు తీశాం కదా అని మిగతా సంగతి మర్చిపోకండి. తలుపు తెరిచే ఉందని కారు అనుకుంటున్నంతకాలం డిక్కీ లైటో, తలుపు కిందున్న లైటో వెలుగుతూ ఉండొచ్చు. కొన్ని కార్లలో కంప్యూటర్ నిద్రలోకి వెళ్లదు, రిమోట్ లాక్ పనిచేయదు. బ్యాటరీ ఎలాగూ పడిపోతుంది.

## 3. పని మొదలుపెట్టేముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- టార్చి
- స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, మొన చదునుగా ఉన్నది ఒకటి
- కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే
- డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే, సన్నని గొట్టంతో సహా
- వైట్ లిథియం గ్రీజు
- పాత బట్టలు, పాత టూత్‌బ్రష్, ఇన్సులేషన్ టేపు
- మల్టీమీటర్ (చివరి పరీక్షకు మాత్రమే, ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందలకే దొరుకుతుంది)

నీడలో, వీలైతే సాయంత్రం పని పెట్టుకోండి. ఎండలో లైటు వెలుగుతోందో లేదో సరిగా కనపడదు. డ్రైవర్ అద్దం దించి ఉంచండి, తాళంచెవి జేబులో ఉంచుకోండి. పని మధ్యలో కారు తనంతట తాను లాక్ అయిపోయి తాళం లోపల ఉండిపోవడం ఎంతోమందికి జరిగింది.

కారు ఇంకా వారంటీలో ఉంటే 6వ అంకం దాకా మీరు చేసుకోండి, తర్వాత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. వైరు కోయడం, జాయింట్లు వేయడం చేస్తే వారంటీకి ఇబ్బంది.

## 4. మొదటి పరీక్ష: లైటు స్విచ్‌ని మూడు స్థానాల్లో పెట్టి చూడడం

పైకప్పు లైటుకు మామూలుగా మూడు స్థానాలుంటాయి: ఆన్, డోర్, ఆఫ్. ఆన్‌లో ఎప్పుడూ వెలుగుతుంది. డోర్‌లో పెడితే తలుపు తెరిచినప్పుడే వెలగాలి. పిల్లలు వెనక సీట్లో ఆడుకుంటూ ఆన్‌లోకి తోసేసి ఉంటారు, ముందు అది చూడండి. సగం సందర్భాల్లో అదే అని నేను చెప్పను కానీ, ఇది చూడకుండా తలుపులన్నీ విప్పినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు అన్ని తలుపులూ వేసి, లోపల కూర్చుని, ఒక్కో స్థానంలో 2 నిమిషాల చొప్పున గమనించండి:

డోర్‌లో వెలుగుతోంది, ఆఫ్‌లో ఆరుతోంది. లైటు బాగానే ఉంది. తలుపు నుంచి వచ్చే సమాచారం తప్పు. ఎక్కువమందికి ఇదే వస్తుంది. నేరుగా 5వ అంకానికి వెళ్లండి.

ఆఫ్‌లో పెట్టినా వెలుగుతోంది. లైటు స్విచ్ లోపలి రేకులు అతుక్కుపోయి ఉండొచ్చు, లేదా లైటు దగ్గరి వైరు బాడీకి తగులుతూ ఉండొచ్చు, కొత్త కార్లలోనైతే కంప్యూటర్ వైపు లోపం ఉండొచ్చు. స్విచ్‌ని ఇరవైసార్లు అటూ ఇటూ కదిపి చూడండి, కాస్త కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. మార్పు లేకపోతే 8, 9 అంకాలు చూడండి.

ఆఫ్‌లో కూడా మసకగా, మిణుగురులా వెలుగుతోంది. మీరు ఎల్‌ఈడీ బల్బు వేయించారు కదూ? 8వ అంకం మీ కోసమే.

స్టీరింగ్ దగ్గర మీటర్ వెలుతురు తగ్గించే చక్రం ఉంటే దాన్నీ ఒకసారి చూడండి. కొన్ని మోడళ్లలో ఆ చక్రాన్ని చివరిదాకా తిప్పితే లోపలి లైట్లన్నీ వెలుగుతాయి. దుమ్ము తుడుస్తుంటే తిరిగిపోతుంది.

## 5. ఏ తలుపో కనిపెట్టండి

తాళం తిప్పి డ్యాష్‌బోర్డు చూడండి. తలుపులు తెరిచిన కారు బొమ్మ ఎర్రగా కనపడుతోందా? ఏ తలుపో విడిగా చూపించే కారైతే సగం పని అయిపోయింది. చాలా బేసిక్ మోడళ్లలో అన్ని తలుపులకూ కలిపి ఒకే బొమ్మ ఉంటుంది, అప్పుడు మనమే వెతకాలి.

ముందు ఏదైనా అడ్డుపడిందేమో చూడండి. చున్నీ అంచు, చీర కొంగు, సీటు బెల్టు బకిల్, నీళ్ల సీసా మూత, పైకి లేచిన మ్యాట్. ఆ తర్వాత ఒక్కో తలుపునీ తెరిచి గట్టిగా వేయండి. తలుపు లాక్‌కు రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టులో పడితే తలుపు ఊడిరాదు కానీ పూర్తిగా మూసుకున్నట్టు కాదు. బయట నిలబడి తలుపు అంచు పక్క రేకుతో సమానంగా ఉందో లేదో చేత్తో తడిమి చూడండి, కంటికంటే వేలికి త్వరగా తెలుస్తుంది.

తర్వాత లైటు డోర్‌లో పెట్టి, కారులో ఒకరిని కూర్చోబెట్టి, మీరు బయట నుంచి ఒక్కో తలుపును అరచేత్తో లోపలికి నొక్కండి. ఏ తలుపు నొక్కినప్పుడు లైటు ఆరిందో, మినుకుమందో అదే మన తలుపు. చివర డిక్కీ. డిక్కీని మర్చిపోయేవాళ్లే ఎక్కువ, నేనూ ఆరోజు నాలుగు తలుపులూ మూడేసిసార్లు చూసి డిక్కీ జోలికి పోలేదు.

నొక్కినా ఏమీ తేలకపోతే స్విచ్‌నే నేరుగా పరీక్షించాలి. ఇది రెండు రకాలు:

- పిన్ స్విచ్. తలుపు తెరిచాక, తలుపు ఆనుకునే బాడీ స్తంభం మీద రబ్బరు టోపీ ఉన్న చిన్న మొటిమలా కనపడుతుంది. పాత కార్లలో ఎక్కువగా ఇదే. మిగతా తలుపులన్నీ మూసి, దీన్ని వేలితో లోపలికి నొక్కి పట్టుకుని లైటు ఆరుతుందేమో చూడండి.
- లాక్ లోపలి స్విచ్. స్తంభం మీద ఏమీ కనపడకపోతే స్విచ్ తలుపు లాక్‌లోనే ఉంది. తలుపు తెరిచే ఉంచి, లాక్‌లోని కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసే దిశలో నెట్టండి. టక్, టక్ అని రెండుసార్లు పడుతుంది. తలుపు మూసుకుందని కారు అనుకోవాలి, కాసేపట్లో లైటు ఆరుతుందేమో చూడండి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి గుర్తుంచుకోండి. పరీక్ష అయ్యాక బయటి హ్యాండిల్ లాగి కొక్కేన్ని మళ్లీ విడిపించాకే తలుపు వేయాలి. మూసుకుపోయిన కొక్కెంతో తలుపు వేస్తే అది బాడీ మీద, మామూలుగా తాను పట్టుకునే కడ్డీని గుద్దుకుంటుంది. పెయింటు పోతుంది, లాక్ పాడవుతుంది.

ఏ తలుపు కొక్కెం నెడితే, లేదా పిన్ నొక్కితే లైటు ఆరుతుందో, లోపం ఆ తలుపు దగ్గరే. దేనికీ ఆరకపోతే 6వ అంకంలోని పద్ధతిని ఒక్కో తలుపుకూ చేసి చూడండి.

## 6. స్విచ్‌ని శుభ్రం చేయడం

ఎక్కువ కార్లు ఈ దశలోనే బాగైపోతాయి. వానాకాలంలో, వాటర్ సర్వీసింగ్ తర్వాత, లేదా నెలల తరబడి దుమ్ములో నిలిపిన కార్లలో వచ్చే లోపం ఇదే. ప్రెషర్ గన్‌తో తలుపు అంచుల్లోకి నీళ్లు కొట్టాక లైటు మొదలైందంటే ముందు ఒకరోజు ఎండలో తలుపులు తెరిచి ఆరబెట్టండి (లైటు ఆఫ్‌లో పెట్టి). దానికే పోవచ్చు.

పిన్ స్విచ్ అయితే

పిన్ లోపలే ఇరుక్కుపోతే తలుపు తెరిచినా లైటు వెలగదు. మనకొచ్చింది దానికి తిరగబడ్డ సమస్య: తలుపు వేసినా పిన్ పూర్తిగా నొక్కుకోవడం లేదు, లేదా లోపల తుప్పు, తడి వల్ల ఎర్త్ తగులుతూనే ఉంది. పాత కార్లలో ఈ స్విచ్ చేసే పనల్లా తలుపు తెరవగానే వైరును బాడీకి, అంటే ఎర్త్‌కు కలపడమే.

1. ఒకే ఒక్క స్క్రూ ఉంటుంది. విప్పి స్విచ్‌ని మెల్లగా బయటికి లాగండి.
2. వైరు బయటికి రాగానే దాన్ని టేపుతో బాడీకి అంటించండి. ఇది మర్చిపోతే స్విచ్ తీయగానే వైరు స్తంభం లోపలికి జారిపోతుంది, మళ్లీ బయటికి తీయడానికి సగం రోజు పడుతుంది.
3. స్విచ్ నుంచి వైరు ఊడదీయండి. వైరు కొస బాడీకి తగలకూడదు. లైటు ఆరిందా? లోపం ఈ స్విచ్ దగ్గరే. ఆరలేదా? స్విచ్ బాగానే ఉంది, వైరు ఇంకెక్కడో బాడీకి తగులుతోంది, లేదా ఇంకో తలుపు కూడా పాడైంది.
4. స్విచ్‌ని కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, టూత్‌బ్రష్‌తో తుప్పు రుద్ది, ఆరాక బిగించండి. రబ్బరు టోపీ చిరిగి ఉంటే స్విచ్ మొత్తం మార్చేయండి, నీళ్లు మళ్లీ దిగుతాయి. ఖరీదు ఎక్కువేం కాదు.

లాక్ లోపలి స్విచ్ అయితే

1. కొక్కెం చుట్టూ ఉన్న పాత నల్లటి గ్రీజును బట్టతో తుడిచేయండి. గట్టిపడిన ఈ గ్రీజే కొక్కేన్ని చివరిదాకా తిరగనివ్వదు.
2. సన్నని గొట్టంతో కొక్కెం సందుల్లోకి డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టండి. కింద బట్ట పట్టుకోండి, తలుపు లోపలి గుడ్డ మీద పడితే మరక పోదు.
3. స్క్రూడ్రైవర్‌తో కొక్కెం మూసి, హ్యాండిల్‌తో విడిపించండి. ఇలా 15, 20 సార్లు.
4. ఇంకోసారి కొట్టి పావుగంట వదిలేయండి, కారే మురికిని తుడవండి.
5. కొక్కెం మీద, బాడీ మీది కడ్డీ మీద కాస్త వైట్ లిథియం గ్రీజు రాయండి.

కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్ వేయొద్దు. ఆ రోజుకు బాగుంటుంది, రెండు నెలల్లో దుమ్ము పట్టి ముందుకంటే ఎక్కువ బిగుసుకుంటుంది.

శుభ్రం చేసినా, కొక్కెం రెండు మెట్లూ చక్కగా పడుతున్నా లైటు ఆరకపోతే లోపలి మైక్రోస్విచ్ పోయింది. చాలా కార్లలో ఆ స్విచ్ విడిగా దొరకదు, లాక్ మొత్తం మార్చాలి. దానికి తలుపు లోపలి ప్యాడ్ విప్పాలి, ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి, కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ కూడా తలుపులోనే ఉంటుంది. అలవాటు లేకపోతే ఈ పని మెకానిక్‌కి వదిలేయండి.

## 7. తలుపు కుంగినా, రబ్బరు మార్చినా

స్విచ్ బాగుండి తలుపే సరిగా పడకపోతే? డ్రైవర్ తలుపు మీద చెయ్యి ఆనించి దిగే అలవాటున్నవాళ్ల కార్లలో కొన్నేళ్లకు హింజులు అరిగి తలుపు కాస్త కిందికి దిగుతుంది. తలుపు తెరిచి అంచు పట్టుకుని పైకెత్తి చూడండి, ఊగితే హింజి అరిగినట్టే. ఇది మెకానిక్ పని.

బయట కొత్త రబ్బరు బీడింగ్ వేయించాక సమస్య మొదలైతే రబ్బరు మందం ఎక్కువై తలుపు రెండో మెట్టుదాకా వెళ్లడం లేదు. గుమ్మం మీద అంటించిన స్టీల్ పట్టీలు, తలుపు అంచులకు పెట్టిన గార్డులు కూడా ఇలాగే అడ్డొస్తాయి. తీసేసి చూడండి.

బాడీ మీది కడ్డీని జరపడం చివరి మార్గం. చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, స్క్రూలు కాస్తే వదులు చేసి, మిల్లీమీటరు లోపలికి జరిపి బిగించండి. గీత లేకుండా జరిపితే పాత చోటు మళ్లీ దొరకదు.

డిక్కీకి కూడా ఇదే పద్ధతి. సామాను నిండుగా ఉంటే లాక్ పూర్తిగా పడదు, లాక్ గుంటలో ఇసుక, ధాన్యం గింజలు చేరతాయి. డిక్కీ మూతకు రెండు పక్కలా తిప్పుకునే రబ్బరు బొడిపెలుంటే అవి మరీ పైకి లేచి ఉన్నాయేమో చూసి, ఒక్కో చుట్టు లోపలికి తిప్పండి.

## 8. బయట పెట్టించిన సామాను

కారు కొన్నాక యాక్సెసరీస్ షాపులో ఏమేం పెట్టించారో ఒక కాగితం మీద రాయండి. సెంట్రల్ లాక్, అలారం, కాళ్ల దగ్గర రంగుల లైట్లు, డ్యాష్‌బోర్డు స్ట్రిప్, డ్యాష్‌క్యామ్, ఎల్‌ఈడీ బల్బులు. వాటిలో ఏది పెట్టించాక సమస్య వచ్చిందో గుర్తుకొస్తే సగం జవాబు దొరికినట్టే.

తాళం తీసినా ఆరని స్ట్రిప్ లైట్లను ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపి ఉంటారు. దాన్ని తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే వైరుకు, మధ్యలో చిన్న ఫ్యూజ్ పెట్టి, మార్పించండి. బయటి సెంట్రల్ లాక్ అయితే తలుపు స్విచ్ వైరుకే జాయింటు వేస్తారు. ఆ జాయింటు మీది టేపు ఎండకు జిగురు కరిగి ఊడిపోతే వైరు బాడీకి తగిలి, తలుపు తెరిచినట్టే అవుతుంది.

ఎల్‌ఈడీ మసకగా వెలగడం వేరే సంగతి. మామూలు బల్బు వెలగాలంటే కరెంటు బాగా కావాలి. కంప్యూటర్ లైటును ఆపినప్పుడు కూడా కొన్ని కార్లలో పిసరంత కరెంటు లీకవుతుంది, దానికి పాత బల్బు చలించదు, ఎల్‌ఈడీ మాత్రం మిణుకుమంటుంది. పాత బల్బు తిరిగి పెట్టి చూడండి. పూర్తిగా ఆరిపోతే కారులో లోపం లేదు. పాతదే ఉంచుకోండి, లేదా క్యాన్‌బస్ రకం ఎల్‌ఈడీ (లీకయ్యే కరెంటుకు వెలగకుండా లోపల రెసిస్టర్ ఉండేది) అడిగి తీసుకోండి.

## 9. వైర్లు, ఎలుకలు

ఇక్కడిదాకా వచ్చినా దొరకలేదంటే మూడు చోట్లు చూడండి.

తలుపుకూ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది, వైర్లన్నీ అందులోంచే వెళ్తాయి. తలుపు వేలసార్లు తెరిచి మూసేసరికి లోపల వైరు తెగుతుంది, లేదా తోలు ఊడుతుంది. లైటు వెలుగుతుండగా ఆ గొట్టాన్ని చేత్తో మెల్లగా వంచి చూడండి. లైటు మినుకుమంటే అక్కడే. డిక్కీ గొట్టం ఇంకా త్వరగా పాడవుతుంది.

రెండోది, డ్రైవర్ కాళ్ల దగ్గరి కార్పెట్ కింద తడి. ఏసీ నీళ్ల పైపు మూసుకుపోయినా, అద్దం దగ్గర నీళ్లు కారినా అక్కడికే చేరతాయి. కొన్ని కార్లలో ఫ్యూజ్ పెట్టె, కంప్యూటర్ ఆ పక్కనే ఉంటాయి. కార్పెట్ ఎత్తి చేయి పెట్టి చూడండి.

మూడోది ఎలుకలు. పొలాల పక్కన, గోడౌన్ల దగ్గర, అపార్ట్‌మెంట్ చెత్తకుండీ పక్కన నిలిపే కార్లకు ఇది నిజమైన బాధ. సీట్ల కింద, బానెట్‌లో పెంటికలు, కొరికిన స్పాంజి ముక్కలు కనపడితే వైర్లు కూడా కొరికి ఉంటాయి. కొరికిన వైరుకు ఉత్త టేపు చుట్టి వదిలేయొద్దు, సోల్డర్ చేయించి హీట్ ష్రింక్ (వేడి తగిలితే వైరు మీద బిగుసుకునే గొట్టం) వేయించండి.

పెద్ద ఫ్యూజ్ వేసి సరిపెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. 10 ఆంపియర్ల చోట 20 వేస్తే ఈసారి షార్ట్ అయినప్పుడు ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది.

## 10. కనపడని లైట్లు, కరెంటు కొలత

పైకప్పు లైటు ఆరింది, అయినా పొద్దున్నే బ్యాటరీ డౌన్. అప్పుడు గ్లవ్ బాక్స్, డిక్కీ, సన్‌వైజర్ అద్దం లైట్లను అనుమానించండి. మూసి ఉండగా లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూసేయండి. రెండు నిమిషాలయ్యాక తీసి చూస్తే మూత పడగానే చీకటైందో లేదో కనపడుతుంది.

అది కూడా బాగుంటే మల్టీమీటర్:

1. అన్నీ ఆపి, ఫ్యూజ్ పెట్టె అందేలా డ్రైవర్ తలుపు తెరిచే ఉంచి, దాని కొక్కేన్ని మాత్రం స్క్రూడ్రైవర్‌తో మూసి ఉంచండి. స్మార్ట్ కీ అయితే ఇంట్లో పెట్టి రండి.
2. మీటర్ ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చండి.
3. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, ఆ తీగకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మీటర్ కలపండి.
4. అరగంట, ముప్పావుగంట ఆగండి. కారు కంప్యూటర్లన్నీ నిద్రలోకి వెళ్లడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఓపిక పట్టలేక మొదటి అంకె చూసి కంగారుపడొద్దు.
5. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. 400 దగ్గరుంటే 5 వాట్ల బల్బు ఒకటి, 800 దగ్గరుంటే 10 వాట్లది ఎక్కడో వెలుగుతోందని అనుకోవచ్చు.
6. ఒక్కో ఫ్యూజ్ తీస్తూ పోండి. ఏది తీస్తే అంకె పడిపోయిందో లోపం ఆ ఫ్యూజ్ లైనులో ఉంది.

మీటర్ కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, తాళం తిప్పొద్దు. మీటర్ ఫ్యూజ్ పోతుంది.

## 11. బ్యాటరీ పడిపోయి ఉంటే

వేరే కారు నుంచి జంప్ ఇచ్చేటప్పుడు వరస ఇది: ఎర్ర తీగ ముందు మన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత వాళ్ల ప్లస్‌కు. నల్ల తీగ వాళ్ల మైనస్‌కు, చివరి కొస మన ఇంజిన్ మీద పెయింటు లేని ఇనుముకు. వాళ్ల కారు ఓ ఐదు నిమిషాలు నడిచాక మన సెల్ఫ్ కొట్టండి. తీసేటప్పుడు వెనక నుంచి ముందుకు.

స్టార్ట్ అయ్యాక వీధి చివరిదాకా తిప్పి మళ్లీ ఆపేస్తే రేపు మళ్లీ ఇదే కథ. పూర్తిగా పడిపోయిన బ్యాటరీ పావుగంట డ్రైవింగ్‌తో నిండదు. బ్యాటరీ షాపులో రాత్రంతా ఛార్జింగ్‌కు పెట్టించండి. ఇలా రెండు మూడుసార్లు అడుగంటితే బ్యాటరీ బలం శాశ్వతంగా తగ్గుతుంది.

ఎలక్ట్రిక్ కారువాళ్లు మాకేంలే అనుకోవద్దు. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా లోపలి లైట్లకు, లాకులకు చిన్న 12 వోల్టుల బ్యాటరీయే ఆధారం. అది పడిపోతే కారు ఆన్ అవ్వదు.

## 12. మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే

"లైటు ఆరట్లేదు చూడు" అని కారు ఇచ్చేయకండి. ఇవి రాసి ఇవ్వండి, పని త్వరగా అవుతుంది, అనవసరంగా విప్పరు:

- లైటు స్విచ్ డోర్‌లో, ఆఫ్‌లో ఎలా ఉంది
- డ్యాష్‌బోర్డులో తలుపు బొమ్మ వెలుగుతోందా
- ఏ తలుపు నొక్కితే మార్పు వచ్చింది
- ఎప్పుడు మొదలైంది: వాన తర్వాతా, సర్వీసింగ్ తర్వాతా, ఏదైనా పెట్టించాకా
- బయట పెట్టించిన సామాను జాబితా

కంప్యూటర్ మార్చాలి అంటే మాత్రం వెంటనే ఒప్పుకోవద్దు. స్కానర్ పెట్టి ఒక్కో తలుపు తెరిచి మూస్తూ, స్క్రీన్ మీద ఆ తలుపు స్థితి మారుతోందో లేదో మీ ముందే చూపించమనండి. మూసిన తలుపును తెరిచినట్టు చూపిస్తే లోపం ఆ తలుపు స్విచ్‌లోనో, వైరులోనో ఉంది, ముందు అవి చూడాలి. అన్నీ మూసినట్టే చూపిస్తూ లైటు మాత్రం వెలుగుతుంటే అప్పుడు లైటు వైరునూ, ఆ తర్వాతే కంప్యూటర్‌నూ అనుమానించాలి.

బాగయ్యాక ఒక రాత్రి ఆగండి. సాయంత్రం కారు ఆపి రెండు గంటలయ్యాక బ్యాటరీ వోల్టేజీ కొలిచి రాసుకోండి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు మళ్లీ కొలవండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తుంది, 12.2 అంటే సగమే ఉన్నట్టు. రెండు అంకెల మధ్య తేడా 0.1 దాటకపోతే విప్పిన స్క్రూలన్నీ గట్టిగా బిగించి, లైటు స్విచ్ మళ్లీ డోర్‌లో పెట్టేయండి.